తొలి కాన్పు పుట్టింట్లోనా? నెల తప్పిన రోజు నుంచే ఇలా సిద్ధం కండి

మన శ్రీకాకుళం, విజయనగరం వైపు ఆడపిల్లకు తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలంటారు. సీమంతం చేసి, సారె పెట్టి, మంచిరోజు చూసుకుని పుట్టింటివాళ్లు తీసుకెళ్తారు. నొప్పులొచ్చే వేళకి అమ్మ పక్కనుంటే ఆ ధైర్యమే వేరు. అందుకే ఈ ఆనవాయితీ మానుకోమని ఎవరికీ చెప్పను. కానీ ఇందులో ఒక చిక్కుంది. ఆరేడు నెలలు మిమ్మల్ని చూసిన ఆశా కార్యకర్త, ఏఎన్ఎం (ఊరి నర్సమ్మ), డాక్టరమ్మ అందరూ అత్తారి ఊళ్లోనే ఉండిపోతారు. పుట్టింటి ఊళ్లో ఆశాకి మీరు వచ్చిన సంగతే తెలియదు. బీపీ పెరిగేదీ, రక్తం తగ్గేదీ, బిడ్డ ఎదుగుదల సరిగ్గా చూసుకోవలసిందీ ఆ చివరి మూడు నెలల్లోనే. సరిగ్గా అప్పుడే మిమ్మల్ని చూసేవాళ్లు ఉండరు. ఆ ఖాళీ పడకుండా మొదటి రోజు నుంచి కాన్పయ్యేదాకా ఏ పని ఎప్పుడు చేయాలో వరసగా చెప్తాను.

నెల తప్పగానే

నెలసరి వారం దాటినా రాకపోతే మూత్ర పరీక్ష చేసుకోండి. ఆ కిట్టు మందుల షాపులో దొరుకుతుంది, ఆశా దగ్గర ఉచితంగానే ఇస్తారు. పొద్దున్న లేచాక మొదటి మూత్రంతో చేస్తే ఫలితం బాగా తెలుస్తుంది. రెండు గీతలు కనపడితే శుభవార్త ముందు ఇంట్లోవాళ్లకి చెప్పండి, ఆ వెంటనే ఆశాకి చెప్పండి. మూడో నెల నిండేదాకా బయటికి చెప్పకూడదనే పట్టింపు చాలా ఇళ్లలో ఉంటుంది. ఊరందరికీ చెప్పనక్కర్లేదు కానీ ఆశాకి, ఏఎన్ఎంకి మాత్రం దాచకండి. 12 వారాల లోపు పేరు నమోదైతేనే మొదటి పరీక్షలన్నీ వేళకి జరుగుతాయి.

ఇప్పుడే పిల్లలు వద్దనుకున్నా, అనుమానంగా ఉన్నా, మందుల షాపులో అడిగి నెలసరి వచ్చే మాత్రలు తెచ్చుకుని మింగొద్దు. రక్తస్రావం ఆగక ప్రాణం మీదికి వస్తుంది. ఏ నిర్ణయమైనా డాక్టరు దగ్గరే.

పేరు నమోదు చేశాక మీ చేతికి తల్లీబిడ్డల రక్షణ కార్డు ఇస్తారు. అందరూ ఎంసీపీ కార్డు అంటారు. దాని మీద ఆర్‌సీహెచ్ నంబరు ఉందో లేదో చూడండి. లేకపోతే అడిగి రాయించుకోండి. ఆ నంబరుంటే మీరు ఏ ఊళ్లో చూపించుకున్నా మీ వివరాలు దొరుకుతాయి. కార్డు వచ్చిన రోజే ప్రతి పేజీ ఫోన్లో ఫొటో తీసి మీవారికి, అమ్మకి పంపించండి. అసలు కార్డు బీరువాలో పట్టుచీరల కింద పెట్టేవాళ్లను చాలామందిని చూశాను. అది ఎప్పుడూ మీ చేతిసంచిలోనే ఉండాలి.

తేదీ లెక్క కట్టుకోండి

ఆఖరిసారి నెలసరి మొదలైన రోజు ఏదో గుర్తు తెచ్చుకోండి. దానికి 9 నెలలు, ఆ పైన 7 రోజులు కలపండి. ఏప్రిల్ 10న నెలసరి మొదలైతే కాన్పు తేదీ జనవరి 17 దగ్గర పడుతుంది. మొత్తం 280 రోజులు, అంటే 40 వారాలు. 37 వారాలు నిండితే నెలలు నిండినట్టే. అప్పటినుంచి ఏ రోజైనా నొప్పులు రావచ్చు. ఇచ్చిన తేదీకి అటో ఇటో వారం పది రోజులు జరగడం మామూలే.

నెలసరి ఎప్పుడొచ్చిందో గుర్తులేకపోయినా, అసలే ముందూవెనకా వచ్చే అలవాటున్నా, మొదటి మూడు నెలల్లో తీసిన స్కానింగులో వచ్చిన తేదీనే నమ్మాలి. ఆలస్యంగా తీసే స్కానింగులో తేదీ అంత కచ్చితంగా రాదు. ఈ తేదీ తెలిస్తేనే పుట్టింటికి ఎప్పుడు వెళ్లాలో, టిక్కెట్లు ఎప్పటికి తీయాలో తెలుస్తుంది. హైదరాబాదులోనో చెన్నైలోనో పనుల్లో ఉన్నవాళ్లకు ఇది మరీ ముఖ్యం. మన జిల్లాల నుంచి వలస వెళ్లిన కుటుంబాలు ఎన్నో. ఎనిమిదో నెలాఖరున జనరల్ బోగీలో రాత్రంతా నిలబడి రావడం కంటే, ఏడో నెలలోనే రిజర్వేషన్ చేయించుకుని పడుకుని రావడం మంచిది. వచ్చే ముందు అక్కడి డాక్టరు చేత మీ వివరాలు కార్డు మీద రాయించుకుని రండి.

మొదటి మూడు నెలలు

వేవిళ్లు ఆరో వారం దగ్గర మొదలై, చాలామందికి నాలుగో నెలలోకి వచ్చేసరికి తగ్గిపోతాయి. పొద్దున్నే మంచం దిగకముందు రెండు మరమరాల ఉండలో, ఓ రస్కో తినండి. ఒకేసారి కడుపునిండా తినకుండా రెండు గంటలకోసారి కొంచెం కొంచెం తినండి. పోపు వాసన పడకపోతే వంటింటి పని ఇంకొకరు చూసుకోవాలి. అత్తగారూ, ఈ మాట మీకే. మంచినీళ్లు కూడా నిలవకుండా వాంతులవుతున్నా, మూత్రం ముదురు పసుపు రంగులో కొంచెమే వస్తున్నా అది మామూలు వేవిళ్లు అనుకోవద్దు. ఆసుపత్రిలో సెలైన్ పెట్టాలి.

ఈ నెలల్లో ఫోలిక్ యాసిడ్ మాత్ర రోజూ వేసుకోవాలి. బిడ్డ మెదడు, వెన్నుపాము తయారయ్యేది మొదటి వారాల్లోనే. పిల్లలు కావాలనుకున్న నెల నుంచే మొదలుపెడితే ఇంకా మేలు.

కడుపులో ఒక పక్కన విపరీతంగా నొప్పి వచ్చి, కళ్లు తిరిగి పడిపోతున్నట్టుంటే, దానికి తోడు రక్తం కనపడితే, ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్లండి. పిండం గర్భసంచిలో కాకుండా గొట్టంలో నిలిచినప్పుడు ఇలా అవుతుంది.

పరీక్షలు: ఏది ఎందుకు

కాన్పయ్యేలోపు కనీసం నాలుగుసార్లు ఆసుపత్రిలో చూపించుకోవాలి. 12 వారాల లోపు ఒకసారి, 14 నుంచి 26 వారాల మధ్య ఒకసారి, 28 నుంచి 34 మధ్య ఒకసారి, 36 దాటాక ఒకసారి. ఇది కనీసం. నెలకోసారి చూపించుకుంటే ఇంకా మంచిది. వెళ్లిన ప్రతిసారీ బరువు, బీపీ, రక్తం, మూత్రం చూసి కార్డులో రాయించుకోండి. రాయకుండా నోటితో చెప్పి పంపేస్తే, రాయమని అడగండి.

మొదటిసారి వెళ్లినప్పుడు రక్తం గ్రూపు తెలుసుకోండి. మీది నెగెటివ్ అయి మీవారిది పాజిటివ్ అయితే 28వ వారంలో ఒక యాంటీ-డి ఇంజెక్షన్, బిడ్డది పాజిటివ్ అని తేలితే కాన్పయ్యాక 72 గంటల్లోపు ఇంకొకటి కావాలి. ఇది ఈ బిడ్డ కోసమే కాదు, తర్వాత పుట్టబోయే బిడ్డ కోసం కూడా. హెచ్‌ఐవీ, సిఫిలిస్, హెపటైటిస్-బి పరీక్షలు అందరికీ చేస్తారు. మిమ్మల్ని అనుమానించి చేస్తున్నారని బాధపడకండి. ముందే తెలిస్తే బిడ్డకు రాకుండా కాపాడే మందులున్నాయి. ధనుర్వాతం రాకుండా టీడీ ఇంజెక్షన్లు రెండు, నెల తేడాతో వేస్తారు.

షుగర్ పరీక్ష గురించి కొంచెం వివరంగా చెప్పాలి, చాలామంది దీన్ని సగంలో వదిలేస్తారు. 75 గ్రాముల గ్లూకోజు నీళ్లలో కలిపి తాగిస్తారు. అయిదు, పది నిమిషాల్లో మొత్తం తాగేయాలి. తర్వాత రెండు గంటలు అక్కడే కూర్చోవాలి. ఈలోపు టీ తాగకూడదు, ఏమీ తినకూడదు, బజారు పని ఉందని తిరగకూడదు. రెండు గంటలకు తీసిన రక్తంలో చక్కెర 140 గానీ అంతకు మించి గానీ ఉంటే గర్భంతో వచ్చిన షుగర్ అంటారు. అరగంటలోపు వాంతి అయిపోతే ఆ పరీక్ష లెక్కలోకి రాదు, మర్నాడు మళ్లీ చేయించుకోవాలి. మొదటిసారి మామూలుగానే వచ్చినా 24 నుంచి 28 వారాల మధ్య ఇంకోసారి చేస్తారు. ఈ షుగర్‌కి చాలామందిలో ఏ లక్షణమూ కనపడదు. పరీక్షలోనే బయటపడుతుంది.

స్కానింగుల్లో 11 నుంచి 14 వారాల లోపు తీసేది ఒకటి, 18 నుంచి 20 వారాల మధ్య తీసే టిఫా ఒకటి ముఖ్యమైనవి. టిఫాలో బిడ్డ గుండె, వెన్ను, కిడ్నీలు, చేతులు, కాళ్లు అన్నీ విడివిడిగా చూస్తారు. ఆ తెర మీద బిడ్డ వేళ్లు కదలడం చూసి ఏడ్చేసిన తల్లులున్నారు. ఆ రోజు మీవారిని కూడా వెంట తీసుకెళ్లండి. ఆడా మగా అని మాత్రం అడగొద్దు. 1994 నాటి చట్టం ప్రకారం అడగడమూ నేరమే, చెప్పడమూ నేరమే. ఎవరైనా డబ్బు తీసుకుని చెప్తామంటే ఆ గుమ్మం దిగి వచ్చేయండి.

ఉద్దానం వాళ్లకు ఇంకో మాట. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ జబ్బు ఎంతమందిని తీసుకుపోయిందో మీకు నేను చెప్పనక్కర్లేదు. మీ ఇంట్లో, మీ పుట్టింట్లో ఎవరికైనా ఆ జబ్బు ఉంటే మొదటిరోజే డాక్టరుతో చెప్పి, రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్ చూడమనండి. కిడ్నీ బలహీనంగా ఉంటే గర్భంలో బీపీ త్వరగా పెరుగుతుంది. నడుం నొప్పికని డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు సొంతంగా వేసుకోవద్దు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. అవసరమైతే అక్కడికి రాయించుకోవచ్చు. ఏజెన్సీ ఊళ్ల వాళ్లు సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాల జబ్బు) పరీక్ష అడిగి చేయించుకోండి, దోమతెర లేకుండా పడుకోవద్దు. గర్భంలో మలేరియా వస్తే తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ ప్రమాదం.

రక్తం పెంచుకోవడం

నా దృష్టిలో మొత్తం ఈ తొమ్మిది నెలల్లో మీ చేతుల్లో ఉన్న అతి పెద్ద పని ఇదే. గర్భిణికి హిమోగ్లోబిన్ (రక్తం ఎంత ఉందో చెప్పే అంకె) కనీసం 11 గ్రాములు ఉండాలి. 10కి 11కి మధ్య ఉంటే కొంచెం తక్కువ, 7కి 10కి మధ్య ఉంటే బాగా తక్కువ, 7 కంటే దిగితే ఆసుపత్రిలో చేరాల్సిందే. కాన్పులో రక్తం పోవడం ఎవరికైనా జరుగుతుంది. 11తో కాన్పుకి వెళ్లిన తల్లి తట్టుకుంటుంది. 7తో వెళ్లిన తల్లికి మామూలుగా పోయే రక్తం కూడా గండమే.

నాలుగో నెల నుంచి రోజుకో ఐరన్ మాత్ర చొప్పున కనీసం 180 రోజులు వేసుకోవాలి. ప్రభుత్వం ఇచ్చే ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. చాలామందికి మాత్రలు ఇంట్లో ఉన్నా రక్తం పెరగదు. ఎందుకో చూద్దాం.

ఒకటి, టీ. మన ఊళ్లలో అన్నం తిన్న వెంటనే టీ తాగడం అలవాటు. టీలోని వగరు ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు. మాత్రకు ముందు గంట, తర్వాత గంట టీ, కాఫీ, పాలు వద్దు. రెండు, క్యాల్షియం. నాలుగో నెల నుంచి క్యాల్షియం మాత్రలు కూడా రోజుకు రెండు ఇస్తారు. గుర్తుంటుందని రెండింటినీ కలిపి మింగేస్తారు. క్యాల్షియం ఐరన్‌కి అడ్డు పడుతుంది. కనీసం రెండు గంటల తేడా ఉండాలి. పొద్దున్న టిఫినుతో ఒక క్యాల్షియం, మధ్యాహ్నం భోజనంతో ఒక క్యాల్షియం, రాత్రి భోంచేసి గంట ఆగాక ఐరన్. పడుకునే ముందు వేసుకుంటే వికారం కూడా నిద్రలో తెలియకుండా పోతుంది. నిమ్మకాయ నీళ్లతో మింగితే ఇంకా బాగా పడుతుంది. రాత్రి పాలు తాగే అలవాటుంటే దాన్ని సాయంత్రానికి మార్చుకోండి.

మూడు, భయం. విరేచనం నల్లగా వస్తుంది. అది ఐరన్ రంగే, కంగారు పడక్కర్లేదు. మలబద్ధకం చేస్తే నీళ్లు, ఆకుకూరలు, అరటిపండు పెంచండి, మాత్ర మానొద్దు. ఐరన్ వేసుకుంటే బిడ్డ నల్లగా పుడుతుందని, బిడ్డ పెద్దదైపోయి కాన్పు కష్టమవుతుందని పెద్దవాళ్లు అంటారు. ప్రేమతోనే అంటారు, కానీ ఆ రెండూ నిజం కావు. బిడ్డ రంగు తల్లిదండ్రుల నుంచి వస్తుంది.

నాలుగు, కడుపులో నులిపురుగులు. చెప్పుల్లేకుండా పొలంలో, పెరట్లో తిరిగేవాళ్లకు కొంకిపురుగులు పడతాయి. ఎంత తిన్నా అవి రక్తం తాగేస్తాయి. నాలుగో నెల దాటాక ఆల్బెండజోల్ మాత్ర ఒకటి ఇస్తారు, వేసుకోండి. చెప్పులు వేసుకునే పెరట్లోకి వెళ్లండి.

హిమోగ్లోబిన్ తక్కువగా ఉంటే డాక్టరు రోజుకు రెండు మాత్రలు వేసుకోమంటారు. నెల తిరిగాక మళ్లీ చూపించుకోండి. నెలలో ఒక్క గ్రాము కూడా పెరగకపోతే మాత్రలతో సరిపోదు, పెద్దాసుపత్రికి వెళ్లాలి. అక్కడ నరం ద్వారా ఐరన్ ఎక్కిస్తారు. ఇది ఏడో నెలలోపే తేలిపోవాలి. నొప్పులొచ్చాక రక్తం సీసాల కోసం పరుగెత్తే పరిస్థితి రాకూడదు.

తిండి, పని

ఇద్దరి కోసం రెట్టింపు తినక్కర్లేదు. నాలుగో నెల నుంచి మామూలు తిండికి తోడు ఇంకో పూట తినండి, చాలు. చోడి (రాగి) అంబలి మన ఇంటి బలం. అందులో క్యాల్షియం నిండుగా ఉంటుంది. గంటె (సజ్జ) అన్నం, తోటకూర పప్పు, మునగాకు వేపుడు, బెల్లం నువ్వుల ఉండలు, ఓ గుప్పెడు పలాస జీడిపప్పు, ఉడకబెట్టిన గుడ్డు. భీమిలి నుంచి ఇచ్ఛాపురం దాకా ఉన్న ఈ తీరంలో చేపకు కొదవ లేదు. నెత్తళ్లు, కవళ్లు లాంటి చిన్న చేపలు బాగా ఉడికించి తినండి. ఎండుచేపల్లో ఉప్పెక్కువ, బీపీ ఉన్నవాళ్లు తగ్గించాలి. అంగన్‌వాడీలో ఇచ్చే పాలు, గుడ్లు మీకోసమే. ఇంటికి తెచ్చి అందరికీ పంచేస్తే బిడ్డకు అందేదేమీ ఉండదు. పచ్చి బొప్పాయి మానండి. పండిన బొప్పాయి గురించి అంత భయం అక్కర్లేదు, ఇంట్లో గొడవనుకుంటే జామపండు తినండి.

మొత్తం మీద 9 నుంచి 11 కిలోలు పెరగాలి. ముందునుంచే బాగా సన్నగా ఉన్నవాళ్లు ఇంకాస్త పెరగాలి.

పని మానేసి మంచమెక్కనక్కర్లేదు. పొలంలో పురుగుమందు కొట్టే రోజు ఆ గట్టు మీదికి కూడా వెళ్లొద్దు. బరువు బిందెలు ఎత్తడం ఏడో నెల నుంచి ఇంకొకరికి అప్పగించండి. పలాస, కాశీబుగ్గ జీడిపప్పు పరిశ్రమల్లో పనిచేసేవాళ్లు పిక్కలు కాల్చే పొగ దగ్గర కూర్చోకుండా వేరే పని అడగండి.

అయిదో నెల నుంచి

ఈ నెలల్లో ఎదురుచూసేది బిడ్డ మొదటి కదలిక. తొలిచూలు అయితే 18 నుంచి 20 వారాల మధ్య తెలుస్తుంది. మొదట అది గాలి కదిలినట్టే ఉంటుంది, వారం తిరిగేసరికి బిడ్డేనని మీకే అర్థమవుతుంది. ఆరో నెల దాటాక బిడ్డకు చప్పుళ్లు వినపడతాయి. మాట్లాడండి, పాట పాడండి. మీవారిని కూడా పొట్ట దగ్గర కూర్చుని మాట్లాడమనండి. పుట్టాక ఆ గొంతులను గుర్తుపడుతుంది.

ఏడో నెల దాటాక రోజూ ఒక వేళ పెట్టుకుని కదలికలు లెక్కపెట్టండి. భోంచేశాక ఎడమవైపు తిరిగి పడుకోండి. రెండు గంటల్లో పది కదలికలు రావాలి. రాకపోతే, ఎప్పటికన్నా బాగా తగ్గిపోయినట్టనిపిస్తే, రేపు చూద్దామని ఆగొద్దు. ఆ రోజే వెళ్లి బిడ్డ గుండె చప్పుడు చూపించుకోండి. ‘పొట్టలో చోటు చాలక కదలడం లేదు’ అని ఎవరు చెప్పినా వినొద్దు.

ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు డాక్టర్లు ప్రత్యేకంగా పరీక్షలు చేస్తారు. 2016 నుంచి ఈ పథకం నడుస్తోంది. నాలుగో నెల నుంచి ప్రతి 9వ తేదీనీ క్యాలెండరులో చుట్టేసి పెట్టుకోండి. ఆ రోజు జనం ఎక్కువ. పొద్దున్నే టిఫిను తినేసి, మంచినీళ్ల సీసా, కార్డు, పాత స్కానింగు కాగితాలు తీసుకుని వెళ్లండి. ఆటో దిగి మెట్లెక్కగానే బీపీ చూపించుకుంటే ఎక్కువ చూపిస్తుంది. అయిదు నిమిషాలు కూర్చుని, మూత్రానికి వెళ్లొచ్చి, కాళ్లు నేలకు ఆన్చి, చెయ్యి బల్ల మీద పెట్టాక చూడమనండి. 140/90కి చేరితే అది నిర్లక్ష్యం చేయాల్సిన అంకె కాదు. మీ కార్డు మీద హైరిస్క్ అని ముద్ర వేస్తే భయపడొద్దు. మీకు తరచూ చూపించుకోవడం, పెద్దాసుపత్రిలో కాన్పు కావాలని అర్థం.

పుట్టింటికి వెళ్లే ముందు, వెళ్లాక

అత్తారిల్లు చీపురుపల్లి దగ్గర, పుట్టిల్లు సోంపేట దగ్గర అనుకోండి. బయల్దేరే వారం ముందు చీపురుపల్లిలో ఏఎన్ఎం దగ్గరికెళ్లి కార్డు పూర్తిగా నింపించుకోండి. ఆఖరి హిమోగ్లోబిన్ ఎంత, బీపీ ఎంత, టీడీ ఇంజెక్షన్లు ఎప్పుడు వేశారు, ఏ మాత్రలు వాడుతున్నారు, ఏ పరీక్ష మిగిలింది, అన్నీ అందులో ఉండాలి. నెలకు సరిపడా ఐరన్, క్యాల్షియం మాత్రలు అడిగి తీసుకోండి. అక్కడి ఆశా ఫోన్ నంబరు, ఇక్కడి ఆశా ఫోన్ నంబరు ఒకరికొకరికి ఇప్పించండి. అంగన్‌వాడీ కార్యకర్తతో కూడా చెప్పండి. పోషణ్ ట్రాకర్ యాప్‌లో మీ పేరు పుట్టింటి ఊరికి మార్చుకోవచ్చు, గుడ్లూ పాలూ ఆగిపోవు.

పుట్టింట్లో దిగిన వారంలోపు అక్కడి పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) ఒకసారి చూపించుకోండి. నొప్పులొచ్చిన రోజు మొదటిసారి మిమ్మల్ని చూసే డాక్టరుకు మీ గురించి కార్డు తప్ప ఇంకేమీ తెలియదు. ముందే ఒకసారి చూసి ఉంటే ఆవిడకు నిర్ణయం తేలిక.

తర్వాత ఏ ఆసుపత్రో తేల్చుకోవాలి. ఇబ్బంది ఏమీ లేని కాన్పయితే దగ్గర్లోని సీహెచ్‌సీ (సామాజిక ఆరోగ్య కేంద్రం) చాలు. హైరిస్క్ అయితే, ఆపరేషన్ పడే అవకాశముంటే, రక్తం నిల్వ, మత్తు డాక్టరు, పిల్లల డాక్టరు ఉన్న చోటికే వెళ్లాలి. శ్రీకాకుళంలో సర్వజన ఆసుపత్రి ఉంది, జనం ఇంకా రిమ్స్ అనే అంటారు. విజయనగరంలో ఘోషాసుపత్రి, టెక్కలిలో జిల్లా ఆసుపత్రి ఉన్నాయి. ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళం వంద కిలోమీటర్ల పైమాటే. ఆ వైపు వాళ్లు చాలామంది బరంపురం వెళ్తారు. ఎక్కడికైనా సరే, ముందే ఒకసారి వెళ్లి లేబర్ రూమ్ ఏ వైపో, రాత్రిపూట ఏ గేటు తెరిచి ఉంటుందో చూసి రండి. ఇది మీ తమ్ముడితోనో మీవారితోనో చేయించాల్సిన పని.

మీ బ్లడ్ గ్రూపు ఉన్న ఇద్దరు మనుషులతో ముందే మాట్లాడి ఉంచండి. రాత్రి రెండింటికి ఆటో వచ్చేది ఎవరిదో తేల్చుకోండి. 108 ఎలాగూ ఉంది. ప్రభుత్వాసుపత్రిలో మామూలు కాన్పయినా ఆపరేషనయినా, మందులు, రక్తం, పరీక్షలు, భోజనం అన్నీ ఉచితం. 2011 నుంచి ఇది మీ హక్కు. కాన్పయ్యాక ఇంటికి దింపడానికి 102 తల్లీబిడ్డ వాహనం ఉంది. కాబట్టి ఎవరూ అప్పు చేయక్కర్లేదు. తొలి కాన్పుకు ప్రధానమంత్రి మాతృ వందన యోజన కింద 5,000 రూపాయలు వస్తాయి. రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే 6,000. ఇవి మీ పేరున ఆధార్‌తో కలిపిన బ్యాంకు ఖాతాలోనే పడతాయి. దరఖాస్తు ఎవరికి ఇవ్వాలో అంగన్‌వాడీలో అడగండి. ఆధార్‌లో ఇంటిపేరు ఇంకా పుట్టింటిదే ఉంటే కంగారేమీ లేదు, ఖాతాలోనూ ఆధార్‌లోనూ ఒకేలా ఉండేట్టు చూసుకోండి.

కొండల మీది ఊళ్లవాళ్లకు వేరే ఏర్పాటు కావాలి. రోడ్డు లేని చోట నొప్పులొచ్చాక డోలీలో మోసుకురావడం తల్లికీ, మోసేవాళ్లకీ నరకం. పార్వతీపురం ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) పరిధిలో సాలూరు, గుమ్మలక్ష్మీపురంలో గర్భిణుల కోసం వసతి గృహాలు పెట్టారు. ఇప్పుడవి మన్యం జిల్లాలోకి వెళ్లాయి. మీ ఏఎన్ఎంని అడిగి, కాన్పు తేదీకి మూడు నాలుగు వారాల ముందే కిందికి దిగండి. వసతి గృహంలో చోటు లేకపోతే మైదాన ప్రాంతంలోని బంధువుల ఇంట్లో ఉండండి. ఆ నెల్లాళ్లు ఇల్లు ఎవరు చూస్తారు, మేకలు ఎవరు కాస్తారు అన్నది ఇంట్లో మగవాళ్లు ముందే చూసుకోవాలి.

వెంటనే వెళ్లాల్సిన సూచనలు

ఇవి కాగితం మీద రాసి గోడకు అంటించండి, ఇంట్లో అందరికీ చదివి వినిపించండి. కొంచెమైనా రక్తస్రావం. తగ్గని తలనొప్పి, కళ్లు మసకబారడం, కళ్ల ముందు మెరుపులు. పొద్దున్న లేచేసరికి ముఖం, చేతులు ఉబ్బిపోవడం. కుడివైపు పక్కటెముకల కింద, పొట్ట పైభాగంలో నొప్పి. మూర్ఛ. చలిజ్వరం. నొప్పులు లేకుండానే ఉమ్మనీరు పోవడం. బిడ్డ కదలికలు తగ్గడం. పడుకున్నా ఆగని ఆయాసం. సాయంత్రానికి పాదాలు కాస్త ఉబ్బడం మామూలే, ముఖం ఉబ్బితే మాత్రం మామూలు కాదు. దిష్టి తగిలిందని తీసేయాలనుకుంటే ఆటోలో ఎక్కించాక తీయండి.

నొప్పులు మొదలయ్యాక

ఉత్తుత్తి నొప్పులు వచ్చి పోతుంటాయి, అటూ ఇటూ తిరిగితే తగ్గుతాయి. నిజం నొప్పులు నడుం నుంచి మొదలై ముందుకు వస్తాయి, ఒకదానికొకటి దగ్గరవుతాయి, తీవ్రత పెరుగుతుంది. నొప్పికి నొప్పికి అయిదు నిమిషాల తేడా ఉంటే బయల్దేరాలి. ఆసుపత్రి దూరమైతే పది నిమిషాల తేడాలోనే బయల్దేరండి. ఉమ్మనీరు పోతే నొప్పుల కోసం ఆగొద్దు. అది ఆకుపచ్చగా ఉంటే వెళ్లగానే మొదట ఆ మాటే చెప్పండి.

సంచిలో కార్డు, ఆధార్, స్కానింగు కాగితాలు, మెత్తని పాత నూలు చీరలు ఉతికి ఎండబెట్టినవి, ప్యాడ్లు, రెండు నైటీలు, బిడ్డకు టోపీ, ఫోను చార్జరు. ఎనిమిదో నెలకే సర్దేయండి. తోడుగా వచ్చేది ధైర్యం చెప్పగలిగే మనిషి అయ్యుండాలి. లేబర్ రూమ్ బయట కూర్చుని ఏడ్చే పిన్ని కంటే నీళ్లు అందించి వీపు రాసే అక్క మేలు.

బిడ్డ పుట్టిన గంటలోపు రొమ్ముకు పట్టించాలి. ఆపరేషనయినా సరే, తల్లికి మెలకువ రాగానే పట్టించవచ్చు. చిక్కగా పసుపుపచ్చగా వచ్చే ముర్రుపాలు పిండి పారబోయకండి, రోగాలను ఆపే శక్తి వాటిలోనే ఉంది. తేనె, పంచదార నీళ్లు, ఆముదం ఏవీ నాకించొద్దు. ఆరు నెలలు తల్లిపాలే, మంచినీళ్లు కూడా అక్కర్లేదు. పుట్టిన వెంటనే స్నానం పోయకుండా తుడిచి, తల్లి గుండెకు ఆనించి, పైన గుడ్డ కప్పండి. బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్-బి మొదటి డోసు ఆసుపత్రి వదిలేలోపే వేయించుకోండి.

మామూలు కాన్పయినా కనీసం 48 గంటలు ఆసుపత్రిలో ఉండండి. బాలింతకు పత్యమని కారప్పొడి అన్నం, వెల్లుల్లి కారం పెట్టి కూరలూ నీళ్లూ తగ్గించేస్తారు కొన్ని ఇళ్లలో. పాలిచ్చే తల్లికి గర్భంలో ఉన్నప్పటికన్నా ఎక్కువ తిండి కావాలి. పప్పు, గుడ్డు, ఆకుకూర, చేప అన్నీ పెట్టండి, దాహమేసినప్పుడల్లా నీళ్లివ్వండి. ఐరన్, క్యాల్షియం మాత్రలు కాన్పయ్యాక ఇంకో ఆరు నెలలు వాడాలి. ప్యాడు గంటకొకటి తడిసిపోతున్నా, జ్వరమొచ్చినా, వాసన వేసినా, ఒక కాలు వాచి నొప్పిగా ఉన్నా వెంటనే ఆసుపత్రికి. పదిహేను రోజులు దాటినా దిగులు తగ్గక, బిడ్డను చూడబుద్ధి కాక, నిద్ర పట్టక ఏడుస్తుంటే అది మనసుకు వచ్చిన జబ్బు, మందుంది. తల్లిని తిట్టకండి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

జనన నమోదు 21 రోజుల్లోపు చేయించాలి. ఆసుపత్రిలో కాన్పయితే వివరాలు అక్కడినుంచే వెళ్తాయి. మీ పేరు, మీవారి పేరు స్పెల్లింగు ఆధార్‌లో ఉన్నట్టే రాశారో లేదో ఇంటికెళ్లే ముందు చూసుకోండి. ఆశా 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో వచ్చి బిడ్డ బరువు, బొడ్డు, మీ ఆరోగ్యం చూస్తుంది. పుట్టింట్లో ఉన్నా ఆ ఊరి ఆశా రావాలి. రాకపోతే ఫోన్ చేసి పిలవండి. బిడ్డకు ఆరు వారాల టీకాలు కూడా ఆ ఊళ్లోనే వేయించి, అదే కార్డులో రాయించుకుని, అప్పుడు అత్తారింటికి బయల్దేరండి.